1990 మియాటాతో ఆరున్నరేళ్ళు: గేర్ రాడ్ మీద ప్రేమ, ఒక్క బోల్టు మీద కోపం

రసీదు ఇంకా నా దగ్గరే ఉంది, కారు గ్లోవ్ బాక్స్‌లో మడతపెట్టి ఉంచా. టైమింగ్ బెల్టు (ఇంజన్లో వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా తిప్పే బెల్టు), వాటర్ పంపు, ముందు సీల్స్, కూలెంటు, లేబరు, కింద టోటల్. నేను ఈ మియాటా, అంటే మాజ్డా వాళ్ళ రెండు సీట్ల, టాప్ దించే చిన్న కారు, కొన్న రోజుకి ఆ రసీదు పదకొండు నెలల పాతది. ఆ ఒక్క కాగితం చూసి 4,200 డాలర్లు లెక్కపెట్టి ఇచ్చేశా. మెకానిక్‌కి చూపించలా, లిఫ్ట్ ఎక్కించి కింద చూడలా, కంప్రెషన్ టెస్ట్ చేయించలా. ఆరున్నరేళ్ళయింది, ఆ కారు మా గరాజ్‌లోనే ఉంది, పొద్దున షటర్ ఎత్తగానే దాన్ని చూస్తే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది, కానీ ఆ కాగితం మీద కోపం మాత్రం తగ్గలా.

మియాటా చరిత్ర, 1989లో ఎక్కడ చూపించారు, ఎన్ని లక్షలు అమ్మారు, ఇవన్నీ ఈ కారు మీద మనసున్న వాళ్ళకి తెలిసినవే, వదిలేస్తున్నా. నాది 1990 మోడల్, ఎరుపు, 1.6 లీటర్ ఇంజను, పవర్ స్టీరింగ్ లేదు, హెడ్‌లైట్లు పైకి లేచే రకం. 2018 నవంబర్‌లో లక్షా 48 వేల మైళ్ళ దగ్గర కొన్నా, ఇప్పుడు లక్షా 79 వేలు దాటింది. మేం ఉండేది నార్త్ కరోలినాలో కేరీ. ఆఫీసుకి, పిల్లల స్కూలుకి, సరుకులకి వేరే కారుంది, అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే చివర్లో నేను కొనమనేదీ వద్దనేదీ చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు గేర్ రాడ్ గురించి చెప్పాలి. నేను డ్రైవింగ్ నేర్చుకుంది తెనాల్లో మా పెదనాన్న గారి ప్రీమియర్ పద్మినిలో, స్టీరింగ్ పక్కన ఉండే గేరు, ఏ గేరు పడిందో చేతికి తెలిసేది కాదు, బండి కదిలాక తెలిసేది. తర్వాత కొన్నాళ్ళు మారుతి 800. అమెరికా వచ్చాక పదేళ్ళు అన్నీ ఆటోమేటిక్కులే, ఎడమ కాలికి పనే లేదు. అలాంటిది ఆ రోజు అమ్మే ఆయన ఇంటి ముందు ఈ కార్లో కూర్చుని క్లచ్ తొక్కి ఒకటి నుంచి రెండుకి లాగా, అసలు లాగడం కూడా కాదు, మణికట్టు కదిపితే చాలు, భుజం కదలక్కర్లా, టక్కున పోయి దాని చోట్లో కూర్చుంది. రెండు నుంచి మూడు, మూడు నుంచి మళ్ళీ రెండు, ఇంజను ఆపేసి కూడా ఊరికే అలా వేస్తూ కూర్చున్నా. ఈ కార్లో రాడ్ నేరుగా గేర్‌బాక్స్ నెత్తి మీదే ఉంటుంది, ఇంజను ముందు చక్రాల్ని తిప్పే కార్లలో లాగా మధ్యలో కేబుళ్ళు ఉండవు, అందుకే లోపల ఏం జరుగుతుందో అరచేతికి తెలుస్తుంది. గేర్‌బాక్స్‌నీ, వెనక చక్రాలకి తిరుగుడు పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడుగ్గా ఒక అల్యూమినియం ఫ్రేము కూడా ఉంది, దానివల్ల యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే మధ్యలో సాగడం, ఊగడం లేకుండా వెనక చక్రం దగ్గరికి పోతుంది ఆ తోపు. జపాన్ వాళ్ళు జిన్‌బా ఇట్టాయ్ అంటారు, గుర్రమూ దాని మీద మనిషీ ఒకే ఒళ్ళు అని. ఆ మాట అంతకుముందు చాలాసార్లు చదివా గానీ నాకు అర్థమయింది మాత్రం ఆ రోజే. ఇంత పెద్దగా ఎందుకు చెప్తున్నా అంటే, ఆ రాడ్ చేతిలో ఉండగా నాకు ఇంకేదీ కనిపించలా, ఇంకేదీ వినిపించలా.

మా బావమరిది తోడొచ్చాడు ఆ రోజు. గ్రీన్స్‌బరో అవతల, మాకు గంటన్నర. వాడికి కార్ల గురించి నా అంత పిచ్చి లేదు గానీ బుర్ర ఉంది. పక్కకి పిలిచి చెప్పాడు, "బావా, ఒక్క వారం ఆగు, 150 డాలర్లు ఇస్తే ఎవరైనా మెకానిక్ వచ్చి చూసి చెప్తాడు, 30 ఏళ్ళ కారు కదా" అని. అమ్మే ఆయన ఏమో సాయంత్రం ఇంకో ఇద్దరు వస్తున్నారు అన్నాడు, అది నిజమే అయ్యుండొచ్చు కూడా, ఆ మనిషి మాటల్లో నాకు మోసం ఏమీ కనిపించలా ఇప్పటికీ. ఆయన లోపలికెళ్ళి ఆ రసీదు తెచ్చి చేతిలో పెట్టాడు. పాత మియాటాల్లో 60 వేల మైళ్ళకోసారి టైమింగ్ బెల్టు మార్చాలి, చేయిస్తే ఇక్కడ వందల డాలర్లు, అది ఆల్రెడీ అయిపోయింది. నేను ఏమనుకున్నానంటే ఇంజను ముందు భాగం మొత్తం విప్పి ఒక షాపు వాళ్ళు చూశారు కదా, ఏమన్నా తేడా ఉంటే వాళ్ళే చెప్పేవాళ్ళు కదా, ఇంక మళ్ళీ వేరే మెకానిక్ ఎందుకు అని. ఇదీ నేను వేసుకున్న లెక్క. ఆ సాయంత్రమే టాప్ దించుకుని, నవంబర్ చలిలో, హీటర్ ఫుల్‌గా పెట్టుకుని ఇంటికి తోలుకొచ్చా. మర్నాడు కేరీలోనే వెంకటేశ్వర స్వామి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాం.

మొదటి నెలల్లో వచ్చినవి చిన్నచిన్నవి, పాత కారు అన్నాక ఉంటాయి, వాటి మీద నాకు కోపం లేదు. మూడో వారంలోనే హై హౌస్ రోడ్ సిగ్నల్ దగ్గర క్లచ్ పెడల్ కిందకి పోయి అక్కడే ఉండిపోయింది, కాలి వేళ్ళతో పైకి లాగాల్సొచ్చింది, చూస్తే కింద స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని కదిపేది, కారిపోతోంది. ఈ కార్లకి అది మామూలే, ఖర్చూ తక్కువే, కాకపోతే ఒక సలహా, పైన మాస్టర్, కింద స్లేవ్ రెండూ ఒకేసారి మార్చండి, ఒకటి కొత్తది వేస్తే రెండోది ఎక్కువ రోజులు ఆగదు. రేడియేటర్ పైన ప్లాస్టిక్ నల్లగా ఉండాల్సింది మట్టి రంగుకి తిరిగింది, అంటే పగలడానికి రెడీగా ఉందని, అది నేను కొన్న రోజు కళ్ళారా చూశా, ఏంటో తెలీలా. సీట్ల వెనక టాప్ మడత పడే చోట నీళ్ళు పోయే గొట్టాలుంటాయి రెండు పక్కలా, మా వైపు పైన్ చెట్ల సూదులు ఎక్కువ, అవి పడి మూసుకుపోయాయి, వాననీళ్ళు కార్పెట్ కిందకి చేరి, అక్కడ్నుంచి తలుపు కింద ఉండే రేకు డొల్లలోకి చేరి లోపల్నుంచి తుప్పు పట్టిస్తున్నాయి. కొనేముందు ఆ తలుపు కింద వెనక మూల బొటనవేలితో నొక్కి చూస్తే తెలిసిపోయేది, నిమిషం పని.

ఆయిలు కారడం గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే అక్కడ డబ్బులు పోబోయి ఆగా. ఇంజను వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట కింద నూనె చుక్కలు. ఒక చోట చూపిస్తే వెనక మెయిన్ సీల్ (ఇంజను వెనక నూనె బయటికి రాకుండా ఆపే రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నారు. దించే ముందు చదివితే తెలిసింది, ఇంజను పై భాగం, అంటే హెడ్ వెనక క్యామ్ యాంగిల్ సెన్సార్ అని, ఇంజను ఎంతవరకు తిరిగిందో చెప్పేది ఒకటుంటుంది, దాని రబ్బర్ రింగు 30 ఏళ్ళకి రాయిలా గట్టిపడి, నూనె అక్కడ కారి ఇంజను వెనక గోడ మీదుగా కిందకి దిగుతుంది, చూసినవాళ్ళకి కింద సీల్ పోయినట్టే ఉంటుంది. రింగు మార్చా, రెండు మూడు డాలర్లు, చుక్కలు ఆగిపోయాయి. చేతికి అందని చోట పని, వేళ్ళు కొట్టుకుపోయాయి, అయినా సరే. ఆ ఒక్క రిపేరుతో నాకు ధైర్యం వచ్చింది, ఈ కారుని నేను చూసుకోగలను అని. ఆ ధైర్యం వల్లే తర్వాత వచ్చినదాన్ని కూడా చాలా రోజులు చిన్నదే అనుకున్నా.

2019 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఎక్కుడు రోడ్డు మీద పికప్ తగ్గినట్టు, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను కొంచెం వణుకు. ముందు ప్లగ్ వైర్లు మార్చా, ఈ 1.6 ఇంజన్లకి వైర్లు తరచూ పోతుంటాయి, కొంచెం తేడా కనిపించింది, అదే అయ్యుంటుంది అనుకున్నా. 1990 కారు కాబట్టి ఇప్పటి కార్లకి లాగా ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్లో తప్పులు చదివే పరికరం) పెట్టి చూసే వీల్లేదు, ఇప్పటి రకం అది ఇక్కడ అన్ని కార్లకీ వచ్చింది 1996 నుంచి. బానెట్ కింద ఉన్న చిన్న డయాగ్నసిస్ డబ్బాలో వైరు తగిలించి టైమింగ్ లైట్‌తో, అంటే ప్లగ్ నిప్పు పడినప్పుడల్లా మెరిసే లైటుతో చూడాలి. చూశా. ఇంజను ముందు తిరిగే క్రాంక్ పుల్లీ మీద గీత 10 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడాలి, అది నిలబడట్లా, అటూ ఇటూ ఆడుతోంది. నేను లైటు చవకది కదా, దాందే తేడా అనుకుని ఆ క్యామ్ సెన్సార్ కొంచెం తిప్పి బిగించి వదిలేశా. అప్పుడే ఇంజను ముందుకెళ్ళి ఒక్కసారి వంగి చూసుంటే సరిపోయేది, ఇది తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

జూన్ మొదటి శనివారం, మా ఆవిడా నేనూ బ్లూ రిడ్జ్ పార్క్‌వేకి, కొండల మీద చూడ్డానికి వెళ్ళే రోడ్డుకి, బయల్దేరాం, పిల్లల్ని బావమరిది దగ్గర వదిలి. మాకు మూడు గంటలు బూన్ దాకా, అక్కడ్నుంచి బ్లోయింగ్ రాక్ దగ్గర పార్క్‌వే ఎక్కి దక్షిణంగా. కొండ ఒంటిని పట్టుకుని ఒంపు తిరిగే లిన్ కోవ్ వంతెన ఉంటుంది గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ పక్కన, పార్క్‌వే మొత్తంలో చివరికి పూర్తయిన ముక్క అది ఉన్న చోటే, తెరిచింది 1987లో. ఆ వంతెన మీద టాప్ దించుకుని మూడో గేర్లో పోవాలి అనేది నాకు కారు కొన్న రోజునుంచీ ఉన్న కోరిక. తీరా అక్కడికి వచ్చేసరికి 45 మైళ్ళ లిమిట్ ఉన్న చోట 30 కూడా నిలబెట్టలేకపోతోంది. మూడు నుంచి రెండుకి దించా, అరుపు పెరిగింది గానీ తోపు లేదు. వెనక కార్లు బారులు తీరాయి. మా ఆవిడ "ఏమండీ, ఏదో వాసనొస్తోంది, పక్కకి ఆపండి" అంది. వంతెన దాటాక పార్కింగ్‌లోకి తిప్పా. బానెట్ ఎత్తితే ఫ్యాన్ బెల్టు కీచుమంటోంది, అంతకు మించి నాకేం కనపడలా.

మియాటా వాళ్ళు దార్లో ఎదురైతే ఒకళ్ళకొకళ్ళు చెయ్యి ఊపుకుంటారు, అది ఈ కారు వల్ల వచ్చిన ఒక చుట్టరికం. తెల్ల మియాటాలో వెళ్తున్న ఒక పెద్దాయన, భార్య, మమ్మల్ని చూసి వెనక్కి తిరిగొచ్చారు. ఆయన ఏమీ అడగలా, ఇంజను ఆన్‌లోనే ఉంచమని, ముందు మోకాళ్ళ మీద కూర్చుని కింద క్రాంక్ పుల్లీ వైపు చూశాడు, పది సెకన్లు ఉంటాయేమో, వెంటనే చెయ్యి పైకెత్తి ఆపెయ్, ఆపెయ్ అన్నాడు. తర్వాత నన్నూ కూర్చోబెట్టి ఒక్క క్షణం స్టార్ట్ చేయించి చూపించాడు. బెండు వచ్చిన సైకిల్ చక్రం ఎలా తిరుగుతుందో అలా తిరుగుతోంది ఆ పుల్లీ. ఆపాక టార్చ్ వేసి పుల్లీ మధ్యలో పెద్ద బోల్టు చుట్టూ ఉన్న గాట్లు లెక్కపెట్టమన్నాడు. నాలుగు. ఆయన మొహం చూస్తేనే నాకు తెలిసిపోయింది అది మంచి లెక్క కాదని.

దీని సంగతి తెలీనివాళ్ళకి చెప్తా. 1990, ఇంకా 1991లో కొన్ని కార్లలో క్రాంక్ షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని ముందు కొస, అంటే పుల్లీ కూర్చునే ముక్కు, పొట్టిగా ఉంటుంది, బోల్టు కూడా చిన్నది. తర్వాత వాటిలో ముక్కు పొడుగు చేశారు, బోల్టు పెద్దది చేశారు. బయట్నుంచి గుర్తు ఏంటంటే పొట్టిదానికి 4 గాట్లు, పొడుగుదానికి 8. ఆ పుల్లీ తిరిగిపోకుండా చిన్న ఇనప కీ ఒకటి గాడిలో కూర్చుని ఉంటుంది, అందరూ అనుకునేది ఆ కీయే పట్టి ఉంచుతుంది అని, కానీ అది ఉన్నది పుల్లీని సరైన చోట కూర్చోబెట్టడానికి మాత్రమే, నిజంగా పట్టి ఉంచేది బోల్టు బిగింపు. ఆ బిగింపు చాలకపోతే పుల్లీ వెంట్రుకవాసి కదులుతుంది, ఇంజను తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం, కీని తింటుంది, గాడిని తింటుంది, గాడి వెడల్పయ్యే కొద్దీ టైమింగ్ జారుతుంది, పవర్ పోతుంది. పొట్టి ముక్కు కాబట్టి బిగింపులో తప్పు జరిగితే తట్టుకునే శక్తి తక్కువ. తప్పు జరగకపోతే ఏమీ కాదు, 30 ఏళ్ళు దాటి అలాగే తిరుగుతున్న పొట్టి ముక్కు కార్లు చాలా ఉన్నాయి, ఆ పెద్దాయనది కూడా 1990దే. మరి ఆ బోల్టు విప్పేది ఎప్పుడు? టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు. ఎవరూ ముట్టుకోకుండా ఉంటే ఇంకా బాగానే ఉండేదేమో. నేను ఏ పని చూసి ధైర్యంగా కొన్నానో ఆ పనే దాన్ని పాడు చేసింది.

బూన్ దాకా టో చేయించి, అక్కడ రెండు రోజులు ఉంచి, తర్వాత ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకున్నా. మా వీధిలో రిటైరయిన ఒక మెషినిస్ట్, ఇనప భాగాలు కోసి తయారుచేసే పనివాడు, ఉన్నాడు, ఆయన గరాజ్‌లో విప్పాం. మామూలుగా ఈ బోల్టు విప్పాలంటే గొట్టం తగిలించిన రెంచ్ మీద ఒళ్ళు బరువు మొత్తం వెయ్యాలి. మాకు ఒక్క చేత్తో వచ్చేసింది. ఆయన నా వైపు చూశాడు, నాకు నోట మాట రాలా. లోపల ఎర్రటి పొడి, పసుపు కుంకుమ కలిపినట్టు, ఇనుము ఇనుముని రాసుకుంటే వచ్చేది. కీ సగం అరిగి పచ్చి చెక్కలా నలిగింది, గాడి ఒక పక్క మెట్టులా తెగింది. బోల్టు పాతదే, దాని మరల్లో పాత జిగురు మురికి అలాగే ఉంది. ఇంటికొచ్చి రసీదు మళ్ళీ తీసి చదివా. అప్పటిదాకా పదిసార్లు చదివుంటా, అందులో ఏం ఉందో చదివా గానీ ఏం లేదో చదవలా. బెల్టు ఉంది, పంపు ఉంది, సీల్స్ ఉన్నాయి, చివరికి కూలెంటు కూడా రాశారు. కొత్త బోల్టు లేదు, కొత్త కీ లేదు. ఆ షాపు పేరు నేను ఇక్కడ చెప్పను, వాళ్ళు పాత బోల్టే వాడి టార్క్ రెంచ్ లేకుండా బిగించారనేది నా నమ్మకం, నేను అక్కడ నిలబడి చూడలేదు కదా. కానీ మనస్ఫూర్తిగా చెప్తున్నా, ఒక చిన్న బోల్టు, శుభ్రంగా తుడిచి మాన్యువల్‌లో చెప్పిన లెక్కకి బిగించడం పది నిమిషాల పని, అది చెయ్యకుండా వందల డాలర్ల బిల్లు వేసి పంపించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కొండ అంచున మా ఆవిడ పక్కనుండగా ఆగింది కాబట్టి ఇంకా ఎక్కువ.

ఒక్క అదృష్టం ఏంటంటే ఈ 1.6 ఇంజన్లో టైమింగ్ ఎంత తప్పినా వాల్వులు పిస్టన్లకి తగలవు, ఆ డిజైన్ అలాంటిది. వేరే ఇంజనైతే అక్కడే లోపలంతా పోయుండేది.

బాగు చెయ్యడానికి మూడు దార్లు. క్రాంక్ షాఫ్టే మార్చడం, అంటే ఇంజను బయటికి తీసి మొత్తం విప్పాలి. పొడుగు ముక్కు ఉన్న వాడిన ఇంజను తెచ్చి వెయ్యడం, నాకు చెప్పిన రేటు పనితో కలిపి 2,900 డాలర్లు. మూడోది లాక్‌టైట్ 660, అరిగిన గాడిని నింపి గట్టిపడే జిగురు లాంటిది, ఈ కార్ల వాళ్ళలో ఏళ్ళ తరబడి చేస్తున్న వైద్యం. మెషినిస్ట్ మొదట ఒప్పుకోలా, ఇది మరమ్మతు కాదు మాసిక అన్నాడు. గాడి ఎంత తెగిందో కొలిచి చూసి, సరే ప్రయత్నిద్దాం, పోతే ఇంజను మార్పు ఎలాగూ ఉంది అన్నాడు. కొత్త బోల్టు, కొత్త కీ, కొత్త టైమింగ్ గేరు, పుల్లీ వెనక బాసు అనే గుండ్రటి దిమ్మ, అన్నీ తెప్పించాం, 200 పైన అయింది. బ్రేక్ క్లీనర్‌తో చుక్క నూనె లేకుండా కడిగి, గాడి నింపి, కీని మంచివైపు గోడకి ఆనించి పెట్టి, టార్క్ రెంచ్‌తో బిగించి ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేశాం. మర్నాడు సాయంత్రం స్టార్ట్ చేశాం. పుల్లీ ఒక్క గీత మీద తిరిగింది. టైమింగ్ లైట్లో 10 డిగ్రీల దగ్గర గీత మేకు కొట్టినట్టు నిలబడింది, అంటే నా చవక లైటు తప్పేం లేదు. ఆ సాయంత్రం ఆ వీధి చివరిదాకా వెళ్ళొచ్చా, ఒకటి, రెండు, మూడు, నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఆ మాసిక వేసి దాదాపు ఆరేళ్ళు, సుమారు 27 వేల మైళ్ళు. ఇప్పటిదాకా కదల్లా. బోల్టు తల మీదనుంచి పుల్లీ మీదకి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశా, ఆయిల్ మార్చిన ప్రతిసారీ వంగి చూస్తా. అందరికీ ఇలాగే నిలబడుతుందని మాత్రం చెప్పలేను, గాడి మరీ ఎక్కువ తెగితే నిలబడని కార్లూ ఉన్నాయి, పైగా నేను దీన్ని రేసులకి తోలను, ఇంజను తిరుగుడు నిమిషానికి 6,000 దాటించడం అరుదు.

అమ్మిన ఆయనకి ఫోన్ చెయ్యమని చాలామంది అన్నారు. చెయ్యలా. ఆయనకీ ఆ షాపు కాగితం మీద నమ్మకమే ఉంది, నాకున్నట్టే. మెకానిక్‌కి చూపించొద్దు అని ఆయన అన్లేదు, వద్దనుకున్నది నేను. ఆ రోజు మా బావమరిది మాట విని ఉంటే, వచ్చినవాడు పాత మియాటాలు తెలిసినవాడైతే, ఏదీ విప్పకుండానే టార్చ్ వేసి గాట్లు లెక్కపెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి పుల్లీ వైపు ఒక నిమిషం చూసి చెప్పేసేవాడు. అప్పుడు కూడా నేను కొనేవాడినేమో, కానీ 4,200కి కాదు, కొండల్లోకి వెళ్ళేముందే చేయించుకునేవాడిని. మొదటి ఏడాది టోయింగు, ట్రెయిలరు, టైర్లు, రేడియేటరు, పనిముట్లు అన్నీ కలిపి ఇంకో 1,900 దాకా పోశా, అందులో సగం పైన ఆ బోల్టు ఖాతాలోదే.

ఇంక ఆ గేర్ రాడ్ గురించి కూడా నిజం చెప్పాలి. కొత్తలో ఎవరు అడిగినా ప్రపంచంలో ఇంతకన్నా మంచి గేర్‌బాక్స్ లేదు అని చెప్పేవాడిని. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్తా. చలికాలం పొద్దున మొదటి మూడు నాలుగు మైళ్ళు రెండో గేరు మొరాయిస్తుంది, తొందరపెట్టకుండా మెల్లగా అడగాలి, వేడెక్కాక అదే దార్లోకొస్తుంది. రాడ్ కింద రబ్బరు తొడుగులు చిరిగితే ఎండాకాలం ఇంజను వేడి మొత్తం మోచేతి దగ్గరికి వస్తుంది, నాది చిరిగే ఉంది, రెండేళ్ళు ఓర్చుకున్నా. విప్పితే ఇంకో సంగతి బయటపడింది, రాడ్ అడుగున చిన్న గిన్నెలా ఉంటుంది, దానికి గేర్‌బాక్స్‌తో సంబంధం లేకుండా విడిగా నూనె పొయ్యాలి, టీ గ్లాసుడు కూడా పట్టదు, అది నాదాంట్లో ఎండిపోయి ఉంది. పోసి కొత్త తొడుగులు వేశాక నేను మొదటి రోజు ఏదైతే అద్భుతం అనుకున్నానో అది అసలుకి సగమే అని తెలిసింది. మీ దగ్గర పాతది ఉంటే ఈ వారమే చూడండి, ఇది మాత్రం సందేహం లేకుండా చెప్పగలను.

విడిభాగాలు చవక, దొరకడం తేలిక అని కూడా చెప్తుంటారు, నేనూ చెప్పా. 2018లో అది నిజం. ఇప్పుడు దొరుకుతున్నాయి గానీ మొదటి మోడల్ కార్లకి గిరాకీ పెరిగి రేట్లు అప్పటిలా లేవు, కార్ల రేట్లు కూడా అంతే. సొంతంగా పని చేసుకోవడానికి సులువైన కారు అన్నదీ నిజమే, కానీ నాకు గరాజ్ ఉంది, వీధిలో ఆ మెషినిస్ట్ ఉన్నాడు, శనివారాలు నన్ను వదిలేసే మనిషి ఇంట్లో ఉంది. ఈ మూడింట్లో ఏది లేకపోయినా కథ వేరేలా ఉండేది.

కొనొచ్చా అని ఆఫీసులో కుర్రాళ్ళు అడుగుతుంటారు. అపార్ట్‌మెంట్లో ఉంటూ, ఇదొక్కటే కారుగా, రోజూ ఐ-40 హైవే మీద ఆఫీసుకి వెళ్ళాలంటే నేను వద్దనే అంటా. ఇంకో కారు ఉండి, పనిముట్లంటే ఇష్టం ఉంటే, 8 గాట్లది వెతుక్కోండి, 1992, 93, లేదా 1.8 ఇంజను వచ్చిన 1994 తర్వాతది, ఇంకా నెమ్మదిగా ఉంటారు. 4 గాట్లదే నచ్చితే భయపడి పారిపోనక్కర్లా, కానీ బెల్టు ఈమధ్యే మార్చాం అని ఎవరైనా అంటే ఆ రసీదులో కొత్త క్రాంక్ బోల్టు రాసుందో లేదో చూడండి, లేకపోతే పుల్లీ తిరుగుతుంటే చూడకుండా డబ్బులు బయటికి తీయకండి. నాది అమ్ముతావా అని ఆ మెషినిస్టే మొన్న అడిగాడు. ఆలోచిస్తానన్నా. అక్టోబర్‌లో ఆకులు రంగు మారినప్పుడు మా ఆవిడతో ఆ లిన్ కోవ్ వంతెన మీదకి మళ్ళీ వెళ్ళాలి, ఆ రోజు తర్వాత మేం ఇద్దరం అటు వెళ్ళలేదు, ఈసారి మూడో గేర్లోనే దాటాలి. అది అయ్యాక చెప్తానన్నా.